ఎన్నేళ్ళ పిల్లలకు

లెంపుయాంగన్ స్టేషన్లో రైలు కదిలేలోపే మెనిక్ నా పక్కనుంచి జానెడు దూరం జరిగింది. అలిగినట్టు కాదు, మధ్యలో గుడ్డసంచికి చోటివ్వడానికన్నట్టు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో. వాళ్ళ నాన్న దగ్గర్నుంచే వచ్చుంటుంది. వాళ్ళ నాన్నంటే మా అన్నయ్యే, మనసుకి దెబ్బ తగిలితే ముందు ఎదుటివాళ్ళకి చోటిచ్చి, ఆ తరవాత తను నెమ్మదిగా పక్కకి తప్పుకుంటాడు. సంచిలో రెండు ట్యాబులున్నాయి, వాటి చార్జర్లున్నాయి, నేను పదిన్నరకి సోలో నగరంలో గ్రంథాలయ కమిటీ ముందు పెట్టాల్సిన కాగితం ఉంది. సెలవులకి మా ఇంటికొచ్చిన పిల్లని వాళ్ళ నాన్నకి అప్పజెప్పాలి, ఆ తరవాత గ్రంథాలయానికి వెళ్ళి ఒక ఆట పిల్లలకి తగినదో కాదో తేల్చి చెప్పాలి. రెండు పనులూ ఒకే రైల్లో, ఒకే గంటలో నా పక్కన కూర్చున్నాయి. ఇరవై ఏళ్ళుగా నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నదాన్ని, పిల్లల సంగతి తెలిసినదాన్నని నన్ను ఆ కమిటీలో వేశారు. తెలిసినదాన్నేనా? మెనిక్ కాళ్ళు నేలకి అందడం లేదు. ఎదురు కిటికీలోంచి ఇళ్ళ పెంకులు, ఆరేసిన చొక్కాలు వెనక్కి పోతుంటే వాటిని లెక్కపెడుతున్నట్టు పెదాలు కదుపుతోంది. ఆకలేస్తోందా అని అడిగాను. లేదత్తా అంది. చల్లగా ఉందా అన్నాను. లేదత్తా. రైలు ఏసీ గాలి నేరుగా దాని మెడమీదే పడుతోంది, చేతులమీద రోమాలు లేచి ఉన్నాయి, అయినా లేదత్తానే.

కాగితంలో పన్నెండు గడులున్నాయి. రక్తం కనిపిస్తుందా, లేదు. పొగ తాగుతారా, లేదు. జూదం, లేదు. బూతు, లేదు. దెయ్యాలు, లేవు. మతాన్ని కించపరచడం, లేదు. అన్నిటికీ లేదనే మొన్ననే టిక్కులు పెట్టేశాను, ఇంత శుభ్రమైన ఆట ఈ ఏడాది చూడలేదని పొంగిపోయాను కూడా. మలాంగ్ ఊరి నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ, చదువు అయిపోగానే సొంతంగా తయారుచేసుకున్న ఆట అది. పేరు ఇద్దరి తాడు. ఇద్దరు పిల్లలు ఒకే తాడు నడుముకి కట్టుకుని ఒక నది తరవాత ఒకటి దాటాలి. ఒకరి చేతిలో లాంతరు ఉంటుంది, ఏ రాయి గట్టిదో ఏ రాయి జారుతుందో వాళ్ళ ట్యాబులో కనిపిస్తుంది, కానీ వాళ్ళు ముందు నడవకూడదు. ముందు నడిచేవాళ్ళ ట్యాబులో అంతా చీకటి. అందుకని లాంతరు పట్టినవాళ్ళు చెప్పాలి, ముందున్నవాళ్ళు విని అడుగెయ్యాలి. ఎడమకి, ఆగు, ఇప్పుడు దూకు. ఈలోగా నీళ్ళు పెరుగుతుంటాయి. ఒకరు పడితే తాడు రెండోవాళ్ళనీ లాగేస్తుంది, ఇద్దరూ మళ్ళీ మొదటి గట్టుకి. గెలిచినా ఇద్దరూ, ఓడినా ఇద్దరూ. చూడగానే ఎంత బాగుందో అనిపించింది, పిల్లలకి నేర్పాల్సింది ఇదే కదా అనిపించింది. నిన్న పొద్దున టిఫినయ్యాక మా రెంగ్గానిస్‌నీ మెనిక్‌నీ వరండాలో చాపమీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, పెన్ను పట్టుకుని పక్కన కుర్చీ వేసుకున్నాను. పెన్ను పట్టుకుని పక్కన. ఆ మాట ఇప్పుడెందుకో పంటికింద రాయిలా తగులుతోంది.

రెంగ్గానిస్‌కి పదకొండేళ్ళు, నా కూతురు, చురుకైనది. లాంతరు దాని చేతికొచ్చింది. మొదటిసారి పడ్డప్పుడు ఇద్దరూ పడీపడీ నవ్వారు. రెండోసారీ నవ్వారు. మూడోసారి రెంగ్గానిస్ ఒక్కతే నవ్వలేదు. ఆరోసారికి దాని గొంతు మారింది. "ఎడమన్నానా లేదా? నీ ఎడమ చెయ్యేదో నీకు తెలీదా?" మెనిక్ తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది, అన్నం తినే చెయ్యి ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు. ఆలోపు నీళ్ళొచ్చేశాయి. "అయ్యో, నీతో ఆడటం కంటే కోడిపెట్టతో ఆడటం నయమే! మట్టిబుర్రా!" నేనేదో అనబోయాను. అనలేదు, పరీక్షిస్తున్నాను కదా, పిల్లలు మామూలుగా ఎలా ఆడతారో అలాగే చూడాలని కాగితంలో రాసుంది. ఏడోసారి మెనిక్ అసలు కదల్లేదు. చీకట్లో ఒక రాయిమీద నిలబడిపోయింది, నీళ్ళు మోకాళ్ళు దాటి నడుము దాటినా నిలబడే ఉంది, రెంగ్గానిస్ అరుస్తూనే ఉంది. ఆట ఆగిపోయాక మెనిక్ ట్యాబు చాపమీద మెల్లగా బోర్లా పెట్టి, "నువ్వు వేరేవాళ్ళతో ఆడుకో అక్కా, నేను స్నానం చెయ్యాలి," అని లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించలేదు. రెంగ్గానిస్ ముఖంలో పశ్చాత్తాపం వెతికాను. లేదు. బరువు దిగినట్టుంది. "అది లేకపోతే ఈపాటికి దాటేసేదాన్నమ్మా," అంది. నడిచేవాళ్ళు లేకుండా లాంతరు ఎక్కడికి దాటుతుందే అని నేను అడగలేదు. పెన్ను మూత పెట్టుకున్నాను. పన్నెండు గడుల్లో దీన్ని దేంట్లో రాయను? ఆటలో బూతు లేదు. రక్తం లేదు.

బ్రంబానన్ స్టేషన్లో తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, ఎవరో పెద్దావిడ అరటిపళ్ళ గెలతో ఎక్కింది. ఎదుటి కిటికీలో మెరాపి అగ్నిపర్వతం పొడుగ్గా, నెత్తిమీద చిన్న పొగతో, ఈ రోజు పనేమీ లేని ముసలాయనలా కూర్చునుంది. "అత్తా," అంది మెనిక్, ఇంటి దగ్గర బయల్దేరాక తనంతట తను మాట్లాడటం ఇదే మొదలు, "ఆ ఆట నచ్చకపోతే మీరు దాన్ని పారేస్తారా?" పారెయ్యం, గ్రంథాలయంలో పెట్టొద్దని రాస్తాం, అన్నాను. "మరి దాన్ని చేసినవాళ్ళు?" వాళ్ళు వేరే ఆట చేసుకుంటారు. మెనిక్ నావైపు తిరిగింది. "నా వల్ల వద్దని రాయకండి." నేను ఉలిక్కిపడ్డాను. నీ వల్ల ఎందుకే తల్లీ, అన్నాను. అది మళ్ళీ కిటికీవైపు తిరిగింది. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మణికట్టుకి నిన్నటిదాకా లేని ఎర్ర దారం ఒకటి కట్టుంది. స్నానాలగదిలో తువ్వాలు అంచు పీకి కట్టుకున్నట్టుంది, ఎడమ ఏదో మరిచిపోకుండా. ముప్ఫైమంది నాలుగో తరగతి పిల్లల్లో ప్రతి ఏడూ ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు, తప్పంతా తమదేనని ముందే ఒప్పేసుకునేవాళ్ళు. వాళ్ళని బుద్ధిమంతులని రిపోర్టు కార్డులో రాస్తాను.

క్లాటెన్ దాటాక వరిచేలు, చెరకు, పొగాకు ఆరబెట్టే పాకలు, మళ్ళీ వరిచేలు. నేను వద్దని రాస్తే తీరిపోతుంది. సుమిని మేడమ్, మా కమిటీ అధ్యక్షురాలు, ఎలాగూ తెర ఉన్న ప్రతిదానికీ వ్యతిరేకమే, సంతోషంగా సంతకం పెడుతుంది. పన్నెండేళ్ళు నిండినవాళ్ళకి అని రాసినా తీరిపోతుంది, పన్నెండేళ్ళకి పిల్లలు మంచివాళ్ళైపోతారన్నట్టు. లేదా అయిదేళ్ళకే సరిపోతుందని రాయొచ్చు, గడులన్నిటికీ లేదనే ఉంది కనక ఎవరూ కాదనలేరు. ఆ మలాంగ్ అమ్మాయి ఉత్తరంలో రాసింది, పిల్లలు ఒకరి మాట ఒకరు వినడం నేర్చుకోవాలని ఈ ఆట చేశామండీ, ఇరవై గ్రంథాలయాల్లో పెడితే మాకు అంతకంటే ఏం కావాలండీ అని. వినడం నేర్పే ఆటలో మెనిక్ నిన్న విన్నదేమిటి? సెపెర్ స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకోగానే కాలిన ఇనుము వాసన. ఈ ఊరినిండా ఇనుము పోతపోసే కొలుములే, ఎప్పుడు వచ్చినా ఇదే వాసన, పండగ రోజుల్లో కూడా. మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం నాన్న చొక్కా గుర్తొస్తుంది.

మాది సోలో పక్కన విరున్. మా ఊళ్ళో ఇనుము కాదు, కంచు. గమెలాన్ మేళాలకి గంటలు, జేగంటల్లాంటి తప్పెటలంతేసి గోంగులు చేసే కొలుములు. కొలిమిపాకలో పట్టపగలే చీకటి చేసుకుంటారు, కంచు ఏ రంగులో కాగిందో కంటికి తెలియాలంటే చీకటుండాలి. మధ్యలో కొలిమి పెద్ద కార్యో తాత పటకారుతో ఎర్రటి కంచు పళ్ళేన్ని పట్టుకుని దాగలిమీద తిప్పుతుంటాడు, చుట్టూ నలుగురు సమ్మెటలెత్తి వంతులవారీగా కొడతారు. ఒకరి తరవాత ఒకరు, మాట లేదు, లెక్క లేదు, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా. మా నాన్న మూడో సమ్మెట. అన్నయ్యకి పదిహేనేళ్ళప్పుడు నాలుగో సమ్మెట మనిషికి జబ్బు చేస్తే ఆ చోట నిలబెట్టారు. నాకు పన్నెండు. మధ్యాహ్నం తీపి టీ కూజా పట్టుకెళ్ళి గుమ్మంలో నిలబడేదాన్ని, పళ్ళెం మెరుపులో అన్నయ్య ముఖం ఎర్రగా, పళ్ళు బిగించి, పెద్ద మనిషిలా కనిపించేది. అయిదోరోజు కాబోలు, నేను గుమ్మంలో ఉన్నప్పుడే, వాడు తన వంతు ఒక్క ఊపిరంత ఆలస్యం చేశాడు. చల్లారుతున్న అంచుమీద దెబ్బ పడింది. కంచు చిట్లిన చప్పుడు చాలా చిన్నది, గాజు తునకమీద కాలేసినట్టు. నాలుగు రోజుల పని. నలుగురూ సమ్మెటలు దించారు. కార్యో తాత అరవలేదు. పళ్ళేన్ని పటకారుతో పక్కన పెట్టి, కరగబెడదాం, కంచెక్కడికీ పోదు, అన్నాడు. ఆ పాకలో ఎవ్వరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు, నేను తప్ప. ఎందుకన్నానో తెలీదు. ఆ నిశ్శబ్దం భరించలేక కావచ్చు, లేక ఆ చీకటి పాకలోకి నన్నెన్నడూ రానివ్వరు, వాణ్ణి రానిచ్చారన్న ఉక్రోషం కావచ్చు. గుమ్మంలోంచి, "తప్పుదెబ్బోడు!" అన్నాను, పకపకా నవ్వాను. అప్పటిదాకా ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డ ముగ్గురు సమ్మెటవాళ్ళూ, నాన్నతో సహా, నాతో నవ్వేశారు, పెద్ద ఊరట దొరికినట్టు. సాయంత్రానికి ఆ పేరు బావిదాకా వెళ్ళింది. మర్నాడు టీ కొట్టుకి. నెల తిరక్కుండా అన్నయ్య కొలిమి మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరో అడిగితే, నిప్పు పొగ పడటం లేదన్నాడు, చాలా మర్యాదగా.

ఇప్పుడు సోలోలో సిటీబస్సు నడుపుతాడు. మా ఇంటికొస్తాడు, నా కూతురికి వెదురు గాలిపటాలు చేసిస్తాడు, నా మోటారుసైకిలు చైను బిగిస్తాడు. ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నిన్న రెంగ్గానిస్ మట్టిబుర్రా అన్నప్పుడు నేను ఆపకపోవడానికి కాగితం కారణం కాదేమో. ఆ గొంతు నాదే అనిపించి, ఎలా ఆపాలో తెలియక ఊరుకున్నానేమో. డెలాంగ్గు వచ్చింది, పోయింది. గావోక్. చక్రాల కింద పట్టాలు మారుతున్న టకటకలు. కొలిమిలో నీళ్ళు పెరిగేవి కాదు కానీ కంచు చల్లారేది, అదీ తొందరే, అక్కడా ఒకడు తప్పితే నలుగురి పనీ పోయేది. అయినా ఆ మనుషులు అరవలేదు. తాత అరిచే మనిషి కాదు కనకా? ఏళ్ళతరబడి ఒకరి చోట ఒకరు నిలబడి చూసినవాళ్ళు కనకా? నాన్న ఒకప్పుడు తిత్తి ఊదాడు, పటకారు పట్టాడు, సమ్మెట ఎత్తాడు. చీకట్లో నిలబడటం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. గుమ్మంలో కూజాతో నిలబడ్డదానికి ఒక్కదానికే తెలీదు. రెంగ్గానిస్ చేతిలో నిన్నంతా లాంతరే ఉంది. ఒక్కసారీ చీకట్లో నడవలేదు. నేనైతే ఆ ఆట ఆడనే లేదు.

సోలో బలాపన్ స్టేషన్లో అన్నయ్య ప్లాట్‌ఫారం మీదే నిలబడున్నాడు, డ్యూటీ చొక్కాలో, అరిటాకులో చుట్టిన సెరాబి అట్లు చేతిలో పెట్టుకుని. కొబ్బరిపాల వాసన, ఇంకా వేడిగా. మెనిక్ పరిగెత్తలేదు, నడిచి వెళ్ళి వాడి చొక్కా అంచు పట్టుకుంది. "ఏమే, అత్తయ్య వాళ్ళింట్లో బాగా తిన్నావా? చిక్కావేంటి?" అన్నాడు. "తిన్నాను నాన్నా." "రాత్రి అక్కతో కబుర్లేనా?" మెనిక్ నావైపు చూసి, నేల చూసి, "అక్కకి నిద్రొచ్చింది," అంది. తన చొక్కా పట్టుకున్న ఆ వేళ్ళని చూసి అన్నయ్య అంతా అర్థమైనట్టు నాకేసి చూశాడు. గడియారం తొమ్మిదీ ఇరవై. అన్నయ్యా, నీ బస్సెప్పుడు, అన్నాను. పదింబావుకి, అన్నాడు. అయితే కూర్చో, అని బెంచీమీద సంచి విప్పి ఒక ట్యాబు వాడి చేతిలో పెట్టాను. "ఇదేంటే? నాకివన్నీ తెలీవు, స్టీరింగు ఇవ్వు, తిప్పుతాను." మెనిక్ గబుక్కున వాడి మోకాళ్ళ మధ్యకొచ్చి, "నీకు లాంతరు లేదు నాన్నా. నీది చీకటి. అత్త చెప్తే నువ్వు దూకాలి. ఎడమంటే ఇటు," అని దారం కట్టిన చెయ్యి చూపించింది. అన్నయ్య ఆ దారాన్ని ఒక క్షణం చూశాడు.

మొదటిసారి పడ్డాం. రెండోసారి పడ్డాం. మూడోసారి సగందాకా వెళ్ళాం, నాకు ఒంట్లో ఏదో వేడి పుట్టింది. గట్టిరాయి నా కళ్ళముందు తళతళా మెరుస్తోంది, ఇంత స్పష్టంగా కనిపిస్తున్నది వాడికెందుకు కనబడదు, నీళ్ళు వచ్చేస్తున్నాయి, "అక్కడ కాదన్నయ్యా! కుడికి! చెబుతుంటే వినపడదా నీకు!" బెంచీ చివర కూర్చున్న కూలీ తల తిప్పి చూశాడు. మెనిక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, నిన్నట్నుంచి ఇదే మొదటి నవ్వు. "అత్త కూడా అరుస్తుంది నాన్నా! నీళ్ళొస్తే అందరూ అరుస్తారు!" ఇద్దరం పడ్డాం. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట, అదే, చెక్కు చెదరకుండా. మింగేశాను. మింగితే చాలదనిపించింది.

"అన్నయ్యా, కొలిమిలో ఆ రోజు నీకు ఆ పేరు పెట్టింది—"

"ముందు రాయెటో చెప్పవే తల్లీ," అన్నాడు తెరమీంచి కళ్ళెత్తకుండా. "నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి."

చెప్పాను. ఈసారి ముందు రాయి ఒక్కటే కాదు, దాని తరవాతది కూడా, వాడు చీకట్లో ఉన్నాడని గుర్తుపెట్టుకుని చెప్పాను. ఎడమకి ఒకటి, ఆగు, ఊపిరి పీల్చుకో, ఇప్పుడు. వాడు అడుగు వేశాడు. మళ్ళీ వేశాడు. దాటలేదు, ఇంకా రెండు రాళ్ళుండగా నేనే చూసుకోక తప్పు చెప్పాను, పడ్డాం. వాడు ట్యాబు నా చేతికిచ్చి నాది తను తీసుకున్నాడు. "ఇప్పుడు నువ్వు చీకట్లో నడు," అన్నాడు. ఆటలో అలా మార్చుకునే వీల్లేదు, నది దాటేదాకా ఎవరి పని వాళ్ళదే, అయినా ట్యాబులు మార్చుకుంటే ఆటకేం తెలుస్తుంది? చీకటి నేననుకున్నంత చిన్నది కాదు. మొదటి అడుగుకే కాళ్ళు రాలేదు. వాడి గొంతు పక్కనుంచి, బస్సులో స్టాపులు చెప్పే గొంతు, తొందర లేకుండా వచ్చింది. "ఉండు. ఇంకా ఉండు. ఆ, ఇప్పుడు." దాటామో లేదో కాదు, మధ్యలో ఎక్కడో, తెరమీంచి కళ్ళు తీయకుండానే అన్నాడు. "పెట్టింది నువ్వేనని నాకు తెలుసు. నీ గొంతు నాకు తెలీదా? చాలా ఏళ్ళు కోపం ఉండేది. కుడికి వెయ్యి." వేశాను. "ఇప్పుడుందా?" అన్నాను. "అప్పుడప్పుడు వస్తుంది," అన్నాడు. "ఈ వేళ రాలేదు. ముందు చూసుకో, గట్టు వచ్చింది."

వాడు బస్సు డిపోకి, పిల్ల వాడి వెనక స్కూటరుమీద అట్టు తింటూ వెళ్ళిపోయాక ఆ బెంచీమీదే కాగితం పూర్తిచేశాను. వయసు దగ్గర ఎనిమిది అని రాశాను. కింద ఖాళీలో గడి లేని చోట నేనే గీత గీసి రాశాను. పడిన ప్రతిసారీ లాంతరు చేతులు మారాలి. మొదటి మూడు నదుల్లో నీళ్ళు పెరగకూడదు. పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుంటే ముందు వాళ్ళు ఒకసారి చీకట్లో నడిచి చూడాలి. సమావేశంలో గంటన్నర వాదన జరిగింది. అక్కడికి వచ్చిన మలాంగ్ అమ్మాయి, లాంతరు చేతులు మార్పించడం పది రోజుల పనండీ, చేస్తాం అంది. పక్కనున్న అబ్బాయి పది కాదు ఇరవై అన్నాడు, ఇద్దరూ అక్కడే చిన్నగొంతులతో పోట్లాడుకున్నారు. చివరికి సుమిని మేడమ్ కళ్ళజోడు సర్దుకుని సంతకం పెట్టబోతూ, ఆడి చూసినవారి పేర్ల దగ్గర పెన్ను ఆపింది. మెనిక్, ఎనిమిది. రెంగ్గానిస్, పదకొండు. వెనింగ్, అంటే నేను, నలభై నాలుగు. సర్వంతో, నలభై ఏడు.

"ఈ సర్వంతో ఎవరు? మన కమిటీలో లేరే?"

"మా అన్నయ్యండీ," అన్నాను. "చెప్పేవాళ్ళు సరిగ్గా చెబితే ఒక్క అడుగూ తప్పడు."